ఆదోనికి ఆట కబురు

ఆదోని,
20-2-2005

మణికి,

నాగు రాస్తోంది. క్షేమసమాచారం లేనిది ఉత్తరమే కాదంటావు కాబట్టి ముందే చెబుతున్నా, ఇక్కడ అందరం తిని తిరుగుతున్నాం. మీ ఆయన గాబ్రియేలు గారి మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది?

నవంబరులో మా కిరణ్‌కుమార్ పెళ్ళికి వచ్చి, స్కూల్లో ఆటల పోటీలున్నాయని ఒక్క పూటకే కడపకు వెళ్ళిపోయావు. రెండు మాటలు చెప్పుకోవడానికి లేకపోయింది. ఫోను చేద్దామంటే అది నడిమింట్లో ఉంది. నేనేం మాట్లాడినా వంటింటి దాకా వినపడుతుంది. వంటింట్లో ఆ పిల్ల ఉంటుంది.

ఆ పిల్ల అంటే నా కోడలే, రమ్యశ్రీ. ప్రొద్దుటూరు పిల్ల. డిగ్రీ చదివింది. పనికి వంక పెట్టడానికి లేదు. కానీ మణీ, నోరు విప్పదు. "ఈ పొద్దు ఉగ్గాని చేసుకుందామా?" అంటే "మీ ఇష్టం" అంటుంది. ఉప్పు చాలిందా అంటే తల ఊపుతుంది. వీధిలో ఆడవాళ్ళు పలకరిస్తే ఒక నవ్వు నవ్వి లోపలికి పోతుంది. మూగనోము పట్టినట్టు ఏమిటిది? నాకైతే పొగరే అనిపిస్తోంది. మా చిన్నత్త అన్నట్టు, నా కొడుక్కి బొమ్మను కట్టబెట్టారు. మా ఆయనకు చెబితే "కొత్త గదా, సర్దుకుంటాది" అని షాపుకు పోతాడు. కిరణ్‌ తెల్లారి షాపుకు పోతే మళ్ళీ రాత్రి అన్నానికే ఇంటికి వచ్చేది. పగలంతా ఇంట్లో మేమిద్దరమే, ఇద్దరం కలిసి ఒక్కరైనా ఉన్నట్టు లేదు.

పాకిస్తాన్ వాళ్ళు ఆడటానికి వస్తున్నారని ఇక్కడ మగవాళ్ళంతా ఒకటే హడావిడి. కర్నూలు కాలేజీలో నువ్వు బంతి వేస్తుంటే నేను వికెట్ల వెనక కూర్చున్న రోజులు గుర్తొచ్చాయి. పెళ్ళైన కొత్తలో మా ఆయనకు ఒకసారి చెప్పాను. "ఆడోళ్ళు క్రికెట్టాడతారా!" అని నవ్వాడు. మళ్ళీ ఈ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

జవాబు రాయి.

నాగు


కడప,
2-3-2005

నాగూ,

గాబ్రియేలు మోకాళ్ళు బాగానే ఉన్నాయి, బస్సెక్కేటప్పుడు మాత్రమే నొప్పి, చర్చికి నడిచేటప్పుడు ఉండదు. నేను ఎప్పటిలాగే ఎండలో విజిల్ ఊదుకుంటూ ఆడపిల్లల చేత డ్రిల్లు చేయిస్తున్నాను.

ముందు మంచి కబురు. ఈ నెల ఇరవై రెండు నుంచి దక్షిణాఫ్రికాలో ఆడవాళ్ళ ప్రపంచకప్పు. మన పిల్లలు వెళ్తున్నారు. కెప్టెన్ మన హైదరాబాదు అమ్మాయి. పేపర్లో కింద మూలన బొటనవేలంత వేశారు, నేను కాబట్టి చూశాను. మా కేబుల్‌లో రాదట, అడిగాను. అయితే మా వీధి చివర సుంకన్న అని ఒకాయన నెట్ సెంటరు పెట్టాడు. కంప్యూటర్‌లో బంతి బంతికీ స్కోరు వస్తుందట. రోజూ స్కూలు వదిలాక పోయి చూసి నీకు రాస్తాను. నువ్వు అక్కడ ఎవరితోనూ అనకుండా లోపల లోపల గంతులేసుకో.

ఇక నీ కోడలి సంగతి. పొగరని రాశావు. మూగనోమని రాశావు. నా కొడుక్కి బొమ్మను కట్టబెట్టారని రాశావు. నాగూ, ఆ పిల్ల మీ ఇంటికొచ్చి నాలుగు నెలలు కాలేదు. పొగరనుకుని చూస్తే ఆమె మంచినీళ్ళు తాగినా పొగరుగానే కనిపిస్తుంది. నువ్వు గొంతు పెద్దది చేసి మాట్లాడతావు, నీ ముందు నోరు విప్పడానికి నాకే మొదటి సంవత్సరమంతా పట్టింది. ఆ పిల్లకు ఏం ఇష్టమో ఎప్పుడైనా అడిగావా? ఉగ్గాని సంగతి కాదు నేననేది.

కోపం తెచ్చుకోకు. తెచ్చుకున్నా జవాబు మాత్రం రాయి.

మణి


ఆదోని,
9-3-2005

మణికి నాగలక్ష్మి చెప్పి రాయించేది.

వేరే చేతిరాత చూసి బెదరొద్దు. పోయిన శుక్రవారం మిద్దె మెట్ల మీద జారి పడితి. కుడిచేయి మణికట్టు కాడ ఇరిగింది. కర్నూలుకు తీసకపోయి కట్టు కట్టిచ్చినారు. ఆరు వారాలు కదిలించగూడదంట. కండ్లద్దాలు గూడా పగిలిపాయ, కొత్తవి రావల్ల. అందుకని చదివేదానికీ రాసేదానికీ రమ్యశ్రీనే. చెప్పింది చెప్పినట్టు రాయమన్నా, అట్లే రాస్తాంది.

నీ ఉత్తరం నేను మంచమ్మీద ఉన్నప్పుడు వచ్చింది. రమ్యశ్రీ చదివి వినిపించింది. మొత్తం చదివింది. యాడా ఆపలే. ఒక్క మాట గూడా ఇడిసిపెట్టలే. చదివి, మడిచి, కవర్లో పెట్టి, "మందు వేసుకునే టైమైంది" అని నీళ్ళు తెచ్చిచ్చింది.

ఇంగ ఆ సంగతి రాయలేను. రాసేది ఎవురో నీకు తెల్సు.

ఆట మొదలైనాక స్కోరు తప్పకుండా రాయి. పడుకోని పైకప్పు దూలాలు లెక్కబెట్టుకుంటాండా. శానా కష్టంగా ఉండాది, చేయి ఒకటే కాదు.

నాగు

రాసినది రమ్యశ్రీ. తప్పులుంటే మన్నించండి.


కడప,
14-3-2005

నాగుకూ, రమ్యశ్రీకీ,

ఇది చదువుతున్నది రమ్యశ్రీ కాబట్టి ముందు నీతో మాట్లాడి తరువాత మీ అత్తతో మాట్లాడతాను.

అమ్మా, ఆ మాటలు నావి కాకపోయినా నా చేత్తోనే మళ్ళీ రాశాను. వాటిని నీ నోటితోనే, ఆమె ముందే చదవాల్సి వచ్చింది. నన్ను క్షమించు. ఇంకెవరైనా అయితే ఆ వాక్యాలు దాటేసి చదివేవారు. నువ్వెందుకు దాటేయలేదో నాకు తెలియదు కానీ, నేను నీ స్థానంలో ఉంటే అంత ధైర్యం చేసేదాన్ని కాదు.

నాగూ, ఇప్పుడు నీకు. వింటున్నావు కదా, విని ఊరుకోకు. అంతకంటే రాయను.

రమ్యశ్రీ, నీకు క్రికెట్ తెలుసో తెలియదో. మీ అత్త కర్నూలు కాలేజీలో మా వికెట్ కీపరు. కుడికీ ఎడమకూ పిల్లిలా దూకేది. మీ ఇంట్లో ఎవరికీ చెప్పలేదట. ఇప్పుడు నువ్వు గట్టిగా చదివావు కాబట్టి పక్కింటి వాళ్ళతో సహా అందరికీ తెలిసిపోయి ఉంటుంది.

ఇక మీదట నా ఉత్తరాలు మీ ఇద్దరికీ.

మణి


కడప,
29-3-2005

నాగుకూ, రమ్యశ్రీకీ,

నిన్న బెంగుళూరు టెస్టు పాకిస్తాన్ చేతిలో పోయిందని మా ఊరంతా మొహాలు వేలాడేసుకుంది. స్టాఫ్‌రూములో అందరూ అదే. "దక్షిణాఫ్రికాలో మనవాళ్ళు బాగా ఆడుతున్నారు" అన్నాను. "దక్షిణాఫ్రికాలో ఎవరు?" అన్నారు. వాళ్ళ తప్పు లేదు, ఎవరూ చెప్పకపోతే ఎలా తెలుస్తుంది.

అక్కడ వానలట. ఆటలు కొన్ని వానకు కొట్టుకుపోతున్నాయి. ఆడినవాటిలో మనవాళ్ళు గట్టిగానే నిలబడ్డారు. మన బలమంతా స్పిన్నే. ఎదుటివాళ్ళకు పరుగులు అందకుండా కట్టేసి, వాళ్ళే తొందరపడి అవుటయ్యేదాకా కూర్చుంటున్నారు. నాగూ, నీకు తెలుసు, నేనూ అలాగే వేసేదాన్ని.

నెట్ సెంటరులో కుర్రాళ్ళంతా ఏవో బొమ్మలూ ఆటలూ చూసుకుంటుంటే మూలన నేనొక్కదాన్నే నంబర్ల ముందు కూర్చుంటున్నాను. సుంకన్న రెండు రోజులు ఊరుకుని మూడో రోజు అడిగాడు: "టీచరమ్మా, మీ బంధువులెవరన్నా ఆడతాండారా?" అవునన్నాను. అప్పటినుంచి నేను వెళ్ళేసరికి ఆ మూల కంప్యూటరు నాకని ఖాళీగా ఉంచుతున్నాడు.

చేయి ఎలా ఉంది?

మణి


ఆదోని,
2-4-2005

మణికి నాగు చెప్పి రాయించేది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నా. స్పిన్ అంటే ఏమి, కట్టేసేది అంటే ఏమి అని రమ్యశ్రీ అడిగింది. నాకు శానా ఆశ్చర్యమాయ, ఆమె అడిగినందుకు. నోటితో చెప్తే ఎట్ల తెలుస్తాది? వంటింట్లో కింద కూచోని పోపులపెట్టె తెప్పిచ్చినా. అందులో గిన్నెలన్నీ బయటికి తీసి ఆవాలు ఈడ, జీలకర్ర ఆడ, మెంతులు దూరంగా గోడ కాడ పెట్టిచ్చినా. అప్పడాల కర్ర బ్యాటు. నేను పసుపు గిన్నె, వికెట్ల ఎనక. "దీన్ని గల్లీ అంటారు" అని ఎండుమిరపకాయ చూపిస్తే, "గల్లీ అంటే వీధి కదా అత్తమ్మా?" అనింది. నాకు నగువొచ్చింది. నగబోయి ఆపుకుంటి.

మా ఆయన అన్నానికి వచ్చి చూసి, "ఇదేందే, అన్నం యాడ?" అన్యాడు. "అన్నం కాదు, ఫీల్డింగు" అంటి. నిలబడి కొంచేపు చూసి, "ఆవాలు ఇంగొంచెం ముందుకు రావల్ల గదా" అన్యాడు. ఇరవై ఏడేండ్లకు ఆ మాట అన్యాడు మణీ.

కొత్త కండ్లద్దాలు వచ్చినాయి. అయినా ఉత్తరాలు ఈమెతోనే చదివించుకుంటాండా. ఎందుకని అడగొద్దు.

ఉగాదికి రమ్యశ్రీ పుట్టింటికి పోతాంది. ఆరో తేదీ వాళ్ళన్న వస్తాడు. అంతలోపు సెమీఫైనల్ కబురు రాదేమో.

నాగు


(అదే కవరులో వేరే కాగితం మీద)

టీచరమ్మ గారికి నమస్కారం.

ఇది అత్తమ్మ చెప్పి రాయించింది కాదు. కవరు నేనే అంటిస్తాను కాబట్టి ఇందులో పెట్టాను.

నేను పొగరుదాన్ని కానండీ. పెళ్ళైన మొదటి వారంలో అత్తమ్మ తరఫు చుట్టాలు వచ్చారు. అందులో ఒక పెద్దావిడ, "దుడ్లు యాడ పెట్టినావమ్మా?" అని నన్నడిగింది. మా ప్రొద్దుటూరులో డబ్బును లెక్క అంటాం. ఆదోనిలో దుడ్లు అంటారని నాకు తెలియదు. దూడల గురించి అడుగుతున్నారనుకుని, "మనకు పశువులు లేవు కదండీ" అన్నాను. ఇంట్లో అందరూ నవ్వారు. అత్తమ్మ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. ఆ నెలంతా ఈ వీధిలో నా పేరు దూడల కోడలు. అందరూ ప్రేమగానే అన్నారేమో, నాకు తెలియదు. అప్పటినుంచి ఏ మాట పైకి అనాలన్నా ముందు లోపల ఒకసారి అనుకుని చూసుకుంటాను. అనుకునేలోపు అడిగినవాళ్ళు వెళ్ళిపోతారు.

ఆయన మంచివారే. కానీ షాపు నుంచి వచ్చేసరికి ఆయన దగ్గర మాటలన్నీ అయిపోయి ఉంటాయి.

మీ ఉత్తరం ఎందుకు దాటేయకుండా చదివానో మీరు తెలియదన్నారు. ఆమె ముందు ఒక్కసారైనా గట్టిగా మాట్లాడాలనిపించింది. నా మాటలు కాకపోయినా సరే.

ఉగాదికి వెళ్ళినదాన్ని మళ్ళీ రాకూడదని ఫిబ్రవరిలోనే అనుకున్నాను. అమ్మకు ఇంకా చెప్పలేదు. మొన్న ఆ పోపుల గిన్నెల ముందు కూర్చున్నప్పటినుంచి ఏమీ తోచడం లేదు. మీరు జవాబు రాస్తే కింద రాసిన ప్రొద్దుటూరు చిరునామాకు రాయండి.

రమ్యశ్రీ


కడప,
5-4-2005

రమ్యశ్రీకి,

నీ ఉత్తరం ఇవాళే అందింది. ఇది నీకు ప్రొద్దుటూరులో ఉగాదికి ముందే చేరాలని ఇప్పుడే పోస్టు చేస్తున్నాను.

తిరిగి వెళ్ళమని గానీ వెళ్ళొద్దని గానీ నేను చెప్పను. నిన్ను ఎరగకుండా ఒకసారి సలహా రాసి ఏం చేశానో చూశాం. నువ్వు రాసింది మీ అత్తకు చెప్పను. చెప్పాల్సింది నువ్వైతే నువ్వే చెబుతావు.

ఆట సంగతి రాస్తాను. లీగులో మనవాళ్ళు ఓడింది ఒక్కటే ఆట, న్యూజిలాండ్ చేతిలో. ఎల్లుండి సెమీఫైనల్ మళ్ళీ ఆ న్యూజిలాండ్‌తోనే. పోయిన ప్రపంచకప్పు వాళ్ళదే. గెలిస్తే పదో తేదీ ఆదివారం ఫైనల్. మన ఆడపిల్లలు ఇంతవరకు ఫైనల్ ఆడింది లేదు. గెలిస్తే కడపకు వచ్చేయ్. ప్రొద్దుటూరు నుంచి ఎప్పుడూ ఏదో ఒక బస్సు ఉంటుంది. ఆట పూర్తయ్యేసరికి చీకటి పడుతుంది కాబట్టి మా ఇంట్లోనే ఉండి తెల్లారి పోవచ్చు. మీ అమ్మగారికి మా ఇల్లు ఎవరిదో, ఏ వాడలో ఉందో అన్నీ చెప్పి, ఆమె సరే అంటేనే రా.

ఇవాళ విశాఖపట్నంలో మగవాళ్ళ ఆట. పొడుగు జుట్టు కుర్రాడెవరో పాకిస్తాన్ వాళ్ళను చితక్కొడుతున్నాడట. సుంకన్న నెట్ సెంటరులో కంప్యూటర్లన్నీ వదిలేసి జనం టీవీ ముందు చొక్కాలు విప్పి ఎగురుతున్నారు. నా మూల నాకుంది. ఆ అరుపుల మధ్యే నీకు ఇది రాస్తున్నాను.

మణి టీచరు


ప్రొద్దుటూరు,
12-4-2005

అత్తమ్మకు నమస్కారాలు.

ఈ ఉత్తరం ఎవరూ చెప్పి రాయించడం లేదు. అందుకే మొదలుపెట్టడానికి చాలాసేపు పట్టింది.

ఆదివారం కడపకు వెళ్ళాను. సెమీఫైనల్ గెలిచిన సంగతి మీరూ పేపర్లో చూసే ఉంటారు. కెప్టెన్ తొంభై ఒకటి కొట్టి చివరిదాకా నిలబడిందట. మా అన్నకు ఆ ముక్క చూపిస్తే, "ఇది ఎప్పుడు జరిగింది?" అన్నాడు. ఫైనల్‌కు కడపకు పోతానంటే అమ్మ ముందు వద్దంది. తరువాత ఏమనుకుందో, నేను అంత గట్టిగా ఏదైనా అడిగి చాలా రోజులైందని, అన్నను తోడిచ్చి పంపింది. టీచరమ్మ బస్టాండుకు వచ్చారు. మెళ్ళో విజిల్ ఉంది, తీయడం మరిచిపోయారట.

నెట్ సెంటరంటే చిన్న గది. తెర మీద మనుషులు కనపడరు అత్తమ్మా. ఒక్కో బంతికి ఒక వరుస వస్తుంది. కాసేపటికోసారి సుంకన్న గారు మీట నొక్కితే పేజీ కొత్తదవుతుంది. నేను మన వంటింటి గిన్నెలను మనసులో పెట్టుకుని చూశాను. బంతి ఎటు పోయిందని రాస్తే అటు ఆవాలో జీలకర్రో పరుగెత్తినట్టు అనుకున్నాను. ఆస్ట్రేలియా వాళ్ళు ముందు ఆడారు. ఒకామె వంద దాటింది, అవుటే కాలేదు. రెండు వందల పదిహేను చేశారు. "మనకు పట్టు చిక్కలే" అన్నారు టీచరమ్మ. అన్నారు కానీ లేవలేదు.

మనవాళ్ళు ఆడుతుంటే ఒక్కొక్కరే పోయారు. సగం మంది పోయాక సుంకన్న గారు, "ఇంగా చూడల్నా టీచరమ్మా? అయిపాయ గదా" అన్నారు. "ఆఖరి బంతి దాకా కంప్యూటర్ కట్టేయొద్దప్పా" అన్నారు టీచరమ్మ. ఆయన కూడా కుర్చీ లాక్కుని మా పక్కన కూర్చున్నారు. మా అన్న వెనక నిలబడ్డాడు. నూట పదిహేడుకు అందరూ అవుటయ్యారు. తొంభై ఎనిమిది పరుగుల తేడా. ఆ పేజీ అలాగే నిలిచిపోయింది, ఇక మారలేదు. సుంకన్న గారు మళ్ళీ ఒకసారి మీట నొక్కి చూశారు.

టీచరమ్మ ఇంట్లో సంగటీ పప్పూ తిన్నాం, అన్నా నేనూ. మీకు చెప్పాలనిపించింది.

ఇంకొక మాట. నవంబరులో మీ చుట్టాలావిడ దుడ్లు యాడ పెట్టినావని అడిగితే నేను దూడలనుకున్నాను. అందరూ నవ్వారు, మీరూ నవ్వారు. నేను మాట్లాడటం అక్కడ ఆగిపోయింది. పొగరు కాదు. ఈ రెండు ముక్కలు ఎదురుగా చెప్పలేక నెలల తరబడి దాచాను.

ఎప్పుడు వస్తానో కూడా ఇందులో రాయాలి. మూడుసార్లు రాసి కొట్టేశాను. ఆ కొట్టివేతలను అలాగే ఉంచి పంపుతున్నాను.

రమ్యశ్రీ


ఆదోని,
19-4-2005

మణీ,

ఈ కోడిగీతలు నావే. శనివారం కట్టు విప్పారు. వేళ్ళు బిగుసుకుపోయాయి, పిడికిలి పడటం లేదు. ఒక్కొక్క వేలూ పట్టుకుని వంచుతూ ఉండమన్నాడు డాక్టరు. పెన్ను బొటనవేలి సందున దూర్చి రాస్తున్నాను, అందుకే కొంచెమే రాస్తాను.

ఆ పిల్ల నాకు ఉత్తరం రాసింది. దూడల సంగతి రాసింది. ఎంత గుర్తు చేసుకున్నా నేను నవ్వినట్టే గుర్తుంది మణీ, అప్పుడు ఆ పిల్ల మొహం ఎలా ఉందో గుర్తు లేదు. నేనసలు చూడలేదేమో.

కిరణ్‌ను పంపుదామన్నాడు మా ఆయన. నేను పోతానన్నాను. "అత్త పోయి కోడల్ని పిల్చుకొచ్చేది యాడన్నా ఉండాదా?" అన్నాడు. పిల్చుకొచ్చేదానికి పోవడంలేదని చెప్పాను. ఆయనకు అర్థం కాలేదు. కిరణ్‌కు అయినట్టుంది, టికెట్టు వాడే తెచ్చాడు. ఎర్రగుంట్ల దాకా రైలు, అక్కడినుంచి బస్సు.

నాగు


ఆదోని,
4-5-2005

టీచరమ్మకు,

నేను ఆదోని నుంచి రాస్తున్నానని పైన చూసే ఉంటారు. ఎలా జరిగిందో మీకు చెప్పాలి.

అత్తమ్మ మధ్యాహ్నం ఎండలో ఒక్కరే వచ్చారు. చేతిలో చిన్న సంచి. మా అమ్మ రాజ్యలక్ష్మమ్మకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఏదో పంచాయితీకి వచ్చారనుకుంది. కూర్చోమంటే అత్తమ్మ కూర్చోకుండానే చెప్పారు.

"పిల్లను పంపమని అడిగేదానికి రాలేదమ్మా. మా ఇంట్లో అందరూ కూడి మీ పిల్లను చూసి నగినారు. ఆ నగినోళ్ళల్లో పెద్దదాన్ని నేనే, ఆపాల్సినదాన్నీ నేనే. అది మీకు చెప్పకుంటే మీరు తప్పు మీ పిల్లదే అనుకుంటారని వచ్చినా."

అమ్మకు అసలు ఆ సంగతే తెలియదు. నా వైపు చూసింది. నేను లోపలికి పోయి మజ్జిగ తెచ్చాను. అత్తమ్మ కుడిచేయి చాపారు. వేళ్ళు లోటా చుట్టూ పట్టలేదు. మజ్జిగ తొణికింది. నేను లోటాను ఎడమచేతిలో పెట్టాను. తాగి, నన్ను పక్కన కూర్చోమన్నారు.

"ఫైనల్ గురించి నువ్వు రాసింది పదిసార్లు చదివినా. ఒకటి మాత్రం అందులో లేదు. ఓడినాక ఆ పిల్లోళ్ళు ఏం జేసినారు?"

"తెలియదు అత్తమ్మా. కంప్యూటర్‌లో అవి రాయరు. ఆట అయిపోతే పేజీ ఆగిపోతుంది."

అత్తమ్మ లోటా కింద పెట్టారు. తరువాత నాతో అన్న మాటలు మీరు కూడా వినాలని రాస్తున్నాను.

"మేము ఒకసారి అనంతపురం పోయి ఓడిపోతిమి. మణి బంతికి నేను పట్టాల్సిన క్యాచ్ ఇడిసిపెడితి. బస్సులో ఒక్కరూ నాతో మాట్లాడలే. నేనే మాట్లాడలేదేమో, ఇప్పుడు సరిగ్గా తెలీదు. మణి వచ్చి నా పక్కన కూచుండె. ఆమె గూడా మాట్లాడలే. చెనక్కాయలు ఒలిచి ఒలిచి నా ఒళ్ళో వేస్తానే ఉండె, కర్నూలు దాకా. మాట్లాడకుంటే పొగరని ఆ పొద్దు నాకు తోచలే. ఇన్నేండ్లకు నీ దగ్గర ఎందుకు తోచిందో!"

మీకు ఆ ప్రయాణం గుర్తుందా టీచరమ్మా?

ఆ రాత్రి అత్తమ్మ మా ఇంట్లోనే ఉన్నారు. అమ్మ ఆమెకు మా మిద్దె మీద పరుపు వేసింది. తెల్లారి ఆమె బయలుదేరుతుంటే నేనూ నా పెట్టె బయటికి తెచ్చాను. ఎవరూ అడగలేదు. అమ్మ మాత్రం, "నీ ఇష్టంతోనే పోతాండావా?" అంది. అవునన్నాను. లోపల ఒకసారి అనుకుని చూసుకోకుండానే ఆ మాట వచ్చేసింది.

"ఒగ మాట చెప్తా" అన్నారు అత్తమ్మ బస్సులో. "మళ్ళీ నేను నగుతా. నా గొంతు అంతే, నా నగువు అంతే. అప్పుడు నువ్వు అలిగి లోపలికి పోవద్దు. 'నగొద్దు' అని గట్టిగా చెప్పు."

"చెబుతాను. అందరి ముందూ చెబుతాను" అన్నాను.

"చెప్పు" అన్నారు. కొంచెం ఆలోచించి, "మరీ చుట్టాల ముందర అయితే కొంచెం మెల్లగా చెప్పు" అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఆమె చూస్తుండగానే నవ్వాను.

రైల్లో కిటికీ పక్కన చోటు దొరికింది. తాడిపత్రి దాకా ఆమె మాట్లాడుతూనే ఉన్నారు, మీ కాలేజీ, మీ టీము, మీరిద్దరూ గోడ దూకి పోయిన సినిమా. తాడిపత్రి దాటాక నేను మొదలుపెట్టాను. మా వీధి, మా నాన్న, నేను చదివిన చదువు, ఉద్యోగం పరీక్ష రాయాలని ఉందన్న సంగతి. ఆమె అన్నీ విన్నారు. ఉద్యోగం మాట దగ్గర ఏమీ అనలేదు. కానీ మొన్న మామయ్యతో, "పిల్లకు పుస్తకాలు గావల్లంట, కిరణ్‌కు చెప్పు" అంటుంటే విన్నాను.

గుంతకల్లులో రైలు ఆగి ఎంతకీ కదల్లేదు. ఎండకు రైలు పెట్టె కాలిపోతోంది. అత్తమ్మ కిటికీకి తల ఆనించి నిద్రపోయారు. ఆమె కుడిచేయి తీసి నా ఒళ్ళో పెట్టుకుని, డాక్టరు చెప్పినట్టు ఒక్కొక్క వేలూ మెల్లగా వంచుతూ కూర్చున్నాను. ఉంగరపు వేలి దగ్గర నొప్పి పుట్టినట్టుంది, ఉలిక్కిపడి కళ్ళు తెరిచారు.

"ఆదోని వచ్చిందా?"

"ఇంకా రాలేదు అత్తమ్మా. పడుకోండి" అన్నాను.

రమ్యశ్రీ